చీరల్లో చుట్టిన నాలుగు చక్రాలు

మా ఇంట్లో వస్తువు కొనేది వాడుకోవడానికి కాదు, ఉంచుకోవడానికి. బేగంబజార్‌లో మూడు తరాలుగా స్టీలు, ఇత్తడి సామాన్ల దుకాణం నడుపుతున్న ఇల్లు మాది. మాకు ఇది మడి లాంటి ఆచారం. మా సోఫాకు కవరు ఉంటుంది, ఆ కవరు మాయకుండా పైన దుప్పటి ఉంటుంది. టీవీ రిమోటు కొన్ననాటి ప్లాస్టిక్ సంచిలోనే ఉంది. అంకెలు కంటికి కనబడవు, వేలికి తెలుస్తాయి. మా పెళ్లికి వచ్చిన డిన్నర్ సెట్టు అద్దాల అల్మారాలో కూర్చుని అతిథి కోసం పాతికేళ్లుగా చూస్తోంది. ఎవరు వచ్చినా సరే, ఇంతకంటే పెద్దవాళ్లు రాకపోతారా అని మా అమ్మ స్టీలు కంచాలే తీస్తుంది. ఊరందరికీ కొత్త గిన్నెలు అమ్మి మేం సొట్టగిన్నెల్లో తింటాం.

అలాంటి ఇంటికి ఒక కరెంటు కారు వచ్చింది.

నా భార్య ప్రభుత్వ బడిలో సైన్సు టీచరు. యాభై నిండడానికి ఇంకా రెండేళ్లు ఉందనగా ఆమెకు కారు నేర్చుకోవాలని బుద్ధి పుట్టింది. నేర్చుకుంది, పరీక్ష పాసయింది, లైసెన్సు వచ్చింది. ఆ కార్డును నేను ముచ్చటగా చూసి, గీతలు పడకుండా ప్లాస్టిక్ కవరులో పెట్టి, కవరును జేబురుమాల్లో చుట్టి, బీరువా లాకర్లో దాచాను. లాకరు తాళంచెవి నా మొలతాడుకు ఉంటుంది. "నీ దగ్గరుంటే యాడనన్న పోతది" అన్నాను. కారు కొన్న రోజున మాత్రం బజారంతా వినబడేటట్టు చెప్పాను, "మా ఇంటామె కోసమే కొన్న" అని. చెప్పుకోవడానికి ఎంత బాగుంటుందో ఆ మాట! స్టీరింగు మాత్రం నా చేతిలోనే ఉంది.

కారుతో వచ్చిన చక్రాలు పెద్దవి, తళతళలాడే వెండిరంగువి, వాటికి పలుచటి టైర్లు. దబీర్‌పురాలో మా గల్లీలో ఎదురుగా ఆటో వచ్చిందంటే ఇద్దరిలో ఎవరో ఒకరు వెనక్కి పోవాల్సిందే. ఎవరు పోవాలన్నది ఎవరి గొంతు పెద్దదన్నదాన్ని బట్టి తేలుతుంది. మలుపు దగ్గర ఒక రాయి ఉంది. బండ్లు గోడకు రాసుకోకుండా ఎవరి తాతో పాతించిన రాయి. మొదటి వారంలోనే ఆ రాయి నా ముందు ఎడమ చక్రాన్ని గీకింది. వెంట్రుకవాసి గీత. వంగి, కళ్లద్దాలు పెట్టుకుని, ఎండ పడే వైపు నిలబడితే తప్ప కనబడదు. నాకు మాత్రం కళ్లు మూసుకున్నా అదే కనబడింది. ఆ పూట అన్నం సహించలేదు.

మరునాడే రైలు స్టేషను దగ్గర పంక్చర్లు వేసే భాయ్ దగ్గరికి పోయాను. తెల్లగడ్డం మనిషి, మా నాన్న సైకిలుకు కూడా ఆయనే గాలి కొట్టినవాడు. ఆయన చేత నాలుగు సాదా ఇనుప చక్రాలు, లావు టైర్లు తెప్పించి ఎక్కించాను. కంపెనీ చక్రాలు నాలుగూ టైర్లతో సహా ఇంటికి తెచ్చి, సబ్బుతో కడిగి, తుడిచి, నా భార్యవి మెత్తబడ్డ నూలు చీరలు నాలుగు తీసి వాటిలో చుట్టాను. కారు నిలబెట్టే జాగా పక్కనే ఒక చీకటి గది ఉంది, మేం అర్ర అంటాం, అందులో పెట్టాను. మధ్యలో గోడ ఒక్కటే. మా అమ్మ చూసి కళ్లు తుడుచుకున్నంత పనిచేసింది. "నాయిన బుద్ధే వచ్చింది బిడ్డా. బండి అమ్మేనాడు కొత్త పెండ్లికూతురు లెక్క ఉంటయి" అంది. కొని పది రోజులు కాలేదు, అప్పుడే అమ్మే రోజు గురించి మాకు నిశ్చింత కలిగింది.

ఆ మరునాడు కారు ముందు తెర మీద పసుపుపచ్చ లైటు వెలిగింది. నోరు తెరిచిన కుండ బొమ్మ, దాని లోపల ఒక ఆశ్చర్యార్థకం. కుండలు అమ్ముకునేవాణ్ని గనక మొదట నాకది శుభసూచకంలాగే అనిపించింది. ఓ నిమిషం ఆరుతూ వెలుగుతూ ఉండి, తర్వాత గట్టిగా నిలబడిపోయింది. నాలుగు టైర్లలో గాలి ఎంతుందో చూపే చోట అంకెలు పోయి నాలుగు గీతలు వచ్చాయి. కారుతో ఇచ్చిన పుస్తకం తెరిచి చూస్తే (దానికి కూడా అట్ట వేసి ఉంచాను), టైర్లలో గాలి కొలిచే సెన్సార్ల కబురు అందడం లేదని దాని అర్థం.

సరిగ్గా అదే వారం నా భార్యకు ప్రమోషన్ కాగితం వచ్చింది. ప్రధానోపాధ్యాయురాలు. పదహారేళ్లుగా ఆమె కనిపెట్టుకుని ఉన్నది దానికోసమే. బడి మాత్రం శంషాబాదు దాటి, రోడ్డు దిగి, ఇంకా లోపలికి. రెండు బస్సులు మారి, ఆటో దొరికితే ఆటో, లేకపోతే నడక. ఆమె మోకాళ్లు మా ఇంటి మెట్లకే మొరాయిస్తాయి. పదిహేను రోజుల్లో వెళ్లి చేరాలి, లేదంటే నాకొద్దని రాసిచ్చి ఉన్నచోటే ఉండిపోవాలి.

"కార్ల పోత" అంది ఆమె.

"పో. ఎవరు వద్దన్నరు? గా లైటు పోనియ్యి" అన్నాను.

మా అమ్మ, మా బావమరిది, పక్కింటివాళ్లు, అందరూ అవునన్నారు. పసుపు లైటు వెలుగుతున్న బండిని కొత్తగా నేర్చుకున్న చేతికి ఎలా ఇస్తాం? ఆ మాటలో తప్పు పట్టడానికేమీ లేదు. అంత తప్పులేని మాట నా నోట ఎప్పుడో గాని రాదు, అందుకే దాన్ని గట్టిగా పట్టుకున్నాను.

ఇక వైద్యం మొదలైంది. బేగంబజార్‌లో కారు లేనివాడికి కూడా కారు గురించి తెలుసు. పక్క దుకాణం బకెట్ల సేఠ్ వచ్చి, చక్రాల చుట్టూ తిరిగి, "దిష్టి" అని తేల్చాడు. "నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కియ్యి."

"కొన్ననాడే తొక్కిచ్చిన గదా."

"అవి పాత చక్రాలకు. గీ కొత్త చక్రాలకు తొక్కిచ్చినవా?"

శాస్త్రం ప్రకారం ఆయన మాట నిజమే. నిమ్మకాయలు తొక్కించాను. లైటు పోలేదు, చక్రాలకు కాస్త నిమ్మకాయ వాసన వచ్చింది. ఎదుటి దుకాణం మసాలాల సేఠ్ ఇంకా తెలివైనవాడు. "కనబడేటట్టు ఎందుకు పెడ్తవ్? ఒక బొట్టుబిళ్ల అంటియ్యి, అయిపాయె" అన్నాడు. ఆ రోజే ఇంటికి పోయి, అద్దం అంచున నా భార్య అంటించి ఉంచుకున్న మెరూన్ రంగు బొట్టుబిళ్లల్లోంచి ఒకటి తీసి ఆ కుండ బొమ్మ మీద అంటించాను. సరిగ్గా సరిపోయింది. ఒక్క పూట నాకు కారు బాగైపోయినట్టే ఉంది. నా భార్య అందులోకి తొంగిచూసి, "దానికి గూడ నా బొట్టేనా?" అని మాత్రం అంది.

అప్పుడు సర్వీసు సెంటర్‌కు తీసుకుపోయాను. పోయేముందు బకెట్ల సేఠ్ చెవిలో చెప్పాడు, "చక్రాలు మార్చినమని చెప్పకు, వారంటీ పోతది." సరే, ఇనుప చక్రాలు కనబడకుండా వెండిరంగు ప్లాస్టిక్ మూతలు బిగించి మరీ పోయాను. అక్కడ మెడలో కార్డు వేసుకున్నాయన నవ్వుతూ అడిగాడు, "బండికి ఏమైనా మార్చారా సార్?"

"ఏం మార్చలే" అన్నాను.

ఆయన చక్రాలను చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ చక్రాలను చూశాడు. కాగితం మీద 'ఏమీ మార్చలేదని కస్టమర్ చెప్పారు' అని రాసి నా చేత సంతకం పెట్టించుకున్నాడు. అబద్ధానికి సంతకం పెట్టడం అదే మొదటిసారి కాదు గాని, ఇంత నిదానంగా పెట్టించుకున్నవాణ్ని మాత్రం చూడలేదు. "ఏమీ మార్చకపోతే వాటంతట అవే దొరుకుతాయి సార్. ఇరవై నిమిషాలు ఎక్కడా ఆగకుండా నలభై స్పీడు తగ్గకుండా నడపండి" అని పంపించాడు.

నలభై స్పీడు! పాతబస్తీలో! ఇరవై నిమిషాలు ఆగకుండా! ఆ మనిషి పుట్టి పెరిగిందెక్కడో గాని, మా రోడ్ల మీద నలభై చూసిన స్పీడు ముల్లు ఒక్కటి లేదు. అయినా పట్టుదలతో తెల్లవారుజామున నమాజు పిలుపు వినబడగానే లేచి కారు తీశాను. మొదటి రోజు నాలుగో నిమిషానికి పావురాలకు గింజలు చల్లుతున్న పెద్దమనిషి రోడ్డు మధ్యలో నిలబడి నన్నే ఆగమని చెయ్యి చూపాడు. రెండో రోజు ఎనిమిదో నిమిషానికి గొర్రెల మంద వచ్చింది. మూడో రోజు ఏం పుణ్యమో, నలభై రెండు మీద పద్దెనిమిది నిమిషాలు పోయాను. పంతొమ్మిదో నిమిషంలో ఒక బర్రె రోడ్డు మధ్యకు వచ్చి, నిలబడి, నెమరు వేస్తూ నన్ను చూసింది. హారన్ కొట్టాను. అది కదలలేదు. దానికి ఎక్కడా చేరాల్సిన గడువు లేదు.

ఇన్ని వైద్యాల మధ్య ఒక వింత జరుగుతూ ఉంది. రోజూ ఏడింటికి నేను కారులో కూర్చుని మీట నొక్కి చూసేవాణ్ని. ఇంటి దగ్గర, నిలబెట్టిన చోట, ఒక్కోసారి ఉన్నట్టుండి గీతలు పోయి అంకెలు వచ్చేవి. ముప్పై ఆరు, ముప్పై ఆరు, ముప్పై ఆరు, ముప్పై ఆరు. నాలుగు టైర్లూ నిక్షేపంగా ఉన్నాయని! సంబరపడి బయల్దేరేవాణ్ని. మీరాలం మండి దాటకముందే మళ్లీ గీతలు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఇది ఇంట గెలిచి గల్లీ చివరనే ఓడిపోతోంది. "ఇల్లు ఇడిస్తే దానికి బెంగ" అంది మా అమ్మ. ఎవరికి చూపిద్దామని తీసుకుపోయినా, అక్కడ గీతలే.

ప్రమోషన్ కాగితం వచ్చిన తొమ్మిదో రోజున, ఎప్పుడో పోవాల్సినవాణ్ని, పంక్చర్ భాయ్ దగ్గరికి పోయాను. ఆయన నేను చెప్పిందంతా విని, చేతిలో ఉన్న ట్యూబును బకెట్టు నీళ్లలోంచి తీసి పక్కన పెట్టాడు.

"సేఠ్, పాత చక్రాలు యాడున్నయి?"

"ఇంట్ల. మంచిగ చుట్టి పెట్టిన."

ఆయన నవ్వాడు. గడ్డం ఊగేటట్టు నవ్వాడు. "అరే సేఠ్! సెన్సార్లు వాటి లోపలే ఉంటయి గదా. గాలి కొట్టే మూతి కాడ, టైరు లోపట, గింతంత. గీ ఇనుప చక్రాలల్ల ఏం లేవు, ఖాలీ. బండి ఎవరిని పిలుస్తది, ఎవరు పలుకుతరు? రేపు అవి తీస్కరా. గంటల ఎక్కిస్త, లైటు బంద్. ఫికర్ నక్కో."

అంతే. నిమ్మకాయలు, బర్రె, అబద్ధపు సంతకం, అన్నీ ఆ గంట పనికి. ఎవరైనా అయితే ఎగిరి గంతేసి ఇంటికి పోయి చక్రాలు తెచ్చేవాడు. నేను, "చూద్దాం లే భాయ్" అని వచ్చేశాను.

ఎందుకు వచ్చేశానో ఇప్పుడు చెప్తాను. మొదటి కారణం ఆ చక్రాలు. అవి మళ్లీ ఎక్కిస్తే ఆ రాయి ఉంది, ఆమె చెయ్యి కొత్తది. ఈ కారణాన్ని నేను చాలా రోజులు నమ్మాను. రెండోది చెప్పడానికే కష్టంగా ఉంది. పెళ్లయిన దగ్గరినుంచి ఆమె ఏ బడిలో పనిచేసినా అది పాతబస్తీలోనే ఉండేది, దుకాణానికి పోతూ నేనే స్కూటరు మీద దింపేవాణ్ని. ఇంట్లో అమ్మ ఉంటుంది, టీవీ ఉంటుంది, పిల్లలు ఉన్నన్నాళ్లు పిల్లలు ఉన్నారు. మేమిద్దరం మాట్లాడుకునేది ఆ పావుగంటే. నా భుజం మీదినుంచి నా చెవిలోకి ఆమె మాట్లాడుతుంది, నేను గాలికి అరుస్తాను. సగం వినబడదు. బడి ముందు దిగి, హెల్మెట్ తీసి, నేను వెనక్కి చాపిన చేతిలో పెట్టి లోపలికి పోతుంది. ఆమె కారులో పోతే ఆ పావుగంట పోతుంది. ఈ మాట ఆమెతో అంటే ఏం పోయేది? ఏమీ పోయేది కాదు. కానీ మా ఇంట్లో మంచివన్నీ చుట్టి లోపల పెట్టేస్తాం గదా, ఆ మాటను కూడా అలాగే పెట్టేశాను. పైకి మాత్రం, లైటు పోవడం లేదన్నాను.

అప్పటిదాకా ఆ పసుపుపచ్చ లైటు నాకు శత్రువు. తొమ్మిదో రోజు నుంచి నా పాలేరు.

పదమూడో రోజు సాయంత్రం ఆమె బల్ల మీద తెల్లకాగితం పెట్టుకుని కూర్చుంది. పైన తన పేరు, బడి పేరు రాసి ఆపేసింది. ప్రమోషన్ వద్దని రాసిచ్చే కాగితం అది.

"ఒక్కటే అడుగుత. బండి అయితదా, కాదా?"

"అయితలేదు. ఏం చేస్తం? అందరికి చూపెట్టిన. ఎవ్వరికి సమజ్ అయితలేదు" అన్నాను. గొంతు తడబడుతుందేమో అనుకున్నాను, తడబడలేదు. ముప్పై ఏళ్లుగా గల్లా మీద కూర్చున్న గొంతు.

ఆమె పెన్ను మూత పెట్టింది. "రేపు రాస్త" అంది.

మరునాడు పొద్దున ఏడింటికి నేను బయటికి వచ్చేసరికి ఆమె అప్పటికే కారులో కూర్చుని ఉంది. చేతిలో పాత పరీక్ష కాగితం, దాని వెనకవైపు అంకెలు వచ్చిన తేదీలు, రాని తేదీలు. చీపురు పట్టుకుని వచ్చిన మా అమ్మను పిలిచింది.

"అత్తమ్మా, మీరు మొన్న రెండు దినాలు ధూల్‌పేటకు చెల్లె ఇంటికి పోయిన్రు. గా రెండు దినాలు అంకెలు రాలే. మీరు ఉన్ననాడు వస్తున్నయి. పొద్దుగాల లేచి మీరు ఏం చేస్తరు?"

"ఏం చేస్త? ఊకుత."

"యాడ ఊకుతరు?"

"వాకిలి ఊకుత, అర్ర ఊకుత."

"అర్రల గా చక్రాలున్నయి గదా, వాటి కింద?"

"దొర్లిచ్చి ఊకుత. చీరలు ఊడిపోతుంటె మళ్ల చుడుత. కింద బొద్దింకలు చేరవా?" అంది మా అమ్మ, తన మీద ఏదో నేరం మోపుతున్నట్టు.

"జర ఇప్పుడు దొర్లియ్యిన్రి. చక్రం తిరిగితేనే సెన్సార్లు లేచి పలుకుతయంట."

మా అమ్మ అర్రలోకి పోయింది. గోడ అవతల చక్రాలు దొర్లిన చప్పుడు వినబడింది, దానితోపాటు మా అమ్మ గొణుగుడు. నా భార్య తెర వైపు చూస్తూ కూర్చుంది. కాసేపటికి ఒక గీత పోయి ముప్పై ఆరు వచ్చింది. తర్వాత ఇంకొకటి. తర్వాత నాలుగూ.

"చూసినవా, మంచిగనే ఉన్నది బండి" అన్నాను. ఏదో ఒకటి అనాలి కదా.

ఆమె దిగింది. అర్ర గుమ్మంలో నిలబడి, "అత్తమ్మా, ఒక పిన్నీసు ఇయ్యిన్రి" అంది. మా అమ్మ గాజులకు ఎప్పుడూ అరడజను పిన్నీసులు వేలాడుతూ ఉంటాయి, ఒకటి తీసి ఇచ్చింది. నా భార్య ఒక చక్రానికి చీర కొంగు తొలగించి, గాలి మూతిలో పిన్నీసు గుచ్చి నొక్కింది. ఉస్స్‌మని గాలి పోయింది. "ఇప్పుడు చూడున్రి" అని అక్కడినుంచే కేకేసింది నాకు.

తెర మీద ముందు ఎడమ చక్రం అంకె ముప్పై నాలుగైంది. ముప్పై ఒకటైంది. ఇరవై ఏడైంది. కారు నా ముందు కదలకుండా నిలబడి ఉంది, దాని చక్రాలను ఎవరూ ముట్టుకోలేదు. గోడ అవతల ఆమె పాత చీరలో చుట్టి ఉన్న చక్రంలోంచి గాలి పోతుంటే ఇవతల కారు గాబరాపడుతోంది. టింగుమని ఒక చప్పుడు కూడా చేసింది.

చీపురుతో బయటికి వచ్చిన మా అమ్మ కారు వైపు చూసి ఆగిపోయింది. ఆమెకు చదువు రాదు, తెర మీద అంకెలతో ఆమెకు పనిలేదు. "అరేయ్, మంచిగున్నది మంచిగున్నది అంటివి. గీ చక్రం పండుకున్నది గదరా!" అంది.

వంగి చూశాను. వెనక కుడివైపు ఇనుప చక్రం టైరు నేలకు అంటుకుపోయి ఉంది. అందులో వేలెడంత మేకు. నాలుగు చోట్లా ముప్పై ఆరని కారు చెప్తుంటే నేను కళ్లు మూసుకుని తిరిగాను, కాళ్ల దగ్గరికి ఒక్కసారి వంగి చూడలేదు. దాని మీద లైటు కనబడకుండా బొట్టుబిళ్ల అంటించింది కూడా నేనే. ఈ బండిలో ఆమె పెద్దరోడ్డు ఎక్కి ఉంటే? కాసేపు అలాగే నేల మీద కూర్చుండిపోయాను.

ఆమె స్టేషను దగ్గరి భాయ్‌కు ఫోను చేసింది. ఆయన జాకీ, పానాలు సంచిలో వేసుకుని నడుచుకుంటూ వచ్చాడు. అర్రలో చక్రాలకు చీరలు విప్పుతూ, పాపం ఏ కల్మషమూ లేకుండా అన్నాడు:

"భాభీ, నేను సేఠ్‌కు ఆనాడే చెప్పిన గదా. తీస్కరా, గంటల అయితది అని."

నాకు దొంగకు తేలు కుట్టినట్టే ఉంది. అరవడానికి లేదు.

"ఎన్నడు చెప్పినవ్ భాయ్?" అంది ఆమె.

ఆయన నా మొహం చూశాడు. అప్పుడు అర్థమైంది ఆయనకు. గడ్డం సవరించుకుని పానా కోసం సంచిలో వెతకడం మొదలుపెట్టాడు.

"అయిదు దినాలాయె" అన్నాను నేనే.

ఆమె అరవలేదు. అరిచినా బాగుండేది, మా గల్లీలో అరుపులు మామూలే. చేతిలో ఉన్న నూలు చీర, ఆకుపచ్చది, ఆమె మొదటి ఉద్యోగంలో చేరినప్పుడు కట్టుకున్నది, దాని మట్టి దులిపి మడతపెట్టింది.

"నిన్న సాయంత్రం నేను కాగితం ముందలేసుకుని కూసున్న. మీరు నా మొకం చూస్కుంట అయితలేదన్నరు."

ఆ మడతను పక్కన పెట్టి ఇంకో చీర అందుకుంది.

"చక్రాలు చీరలల్ల చుట్టి అర్రల పెట్టిన్రు. లైసెన్సు రుమాల్ల చుట్టి బీరువల పెట్టిన్రు. ఇగ నేనొక్కదాన్నే మిగిలిన. నన్ను దేంట్ల చుడ్తరు?"

మా అమ్మ చీపురు కింద పడేసి నా దగ్గరికి వచ్చింది. కొడుకు తరఫున మాట్లాడుతుందనుకున్నాను. చెయ్యి చాపి, "లాకరు తాళంచెవి తియ్యి" అంది.

భాయ్ గంట అన్నాడు గాని ముప్పావుగంటలోనే అయిపోయింది. పిన్నీసుతో తీసిన గాలి మళ్లీ నింపాడు. నాలుగు వెండి చక్రాలూ ఎక్కాయి, ఆ వెంట్రుకవాసి గీతతో సహా. గల్లీ చివరిదాకా ఆమే నడిపి, తిప్పుకుని వచ్చింది. నాలుగు అంకెలూ నిలబడ్డాయి. ఆమె తెర మీది బొట్టుబిళ్లను గోరుతో ఊడదీసింది. కింద లైటు లేదు. ఆ బిళ్లను, ఇంట్లో అద్దానికి అంటించుకున్నట్టే, కారు అద్దం అంచున అంటించింది.

పదిహేనో రోజు పొద్దున ఆకుపచ్చ చీర కట్టుకుని బయల్దేరింది. నేను ముందు సీటు తలుపు దగ్గరికి పోయేసరికి అందులో మా అమ్మ కూర్చుని ఉంది, ఒళ్లో టిఫిన్ డబ్బా. డబ్బా కింద పెళ్లినాటి డిన్నర్ సెట్టులోని పళ్లెం ఒకటి, బంగారు అంచుతో మెరుస్తూ కనబడింది. "నువ్వు దుకాణానికి పో. బిడ్డ ఒక్కతే ఎట్ల పోతది అంత దూరం" అంది. మలుపు దగ్గర రాయిని చక్రం రాసుకున్న చప్పుడు వినబడింది. కారు ఆగలేదు.

నేను స్కూటరు తీశాను. మీరాలం మండి దాటాక, ఏమీ ఆలోచించకుండానే ఆమె పాత బడి వైపు తిరిగి, గేటు ముందు ఆపి, చెయ్యి వెనక్కి చాపాను. చెయ్యి అలాగే ఉండిపోయింది. హెల్మెట్ ఎవరూ పెట్టలేదు. గేటు దగ్గరి వాచ్‌మన్ నా వైపు, నా వెనక ఖాళీ సీటు వైపు చూశాడు.

"మేడం రాలేదా సార్?"

"లేదు" అన్నాను. "ఆమె బండి ఆమె నడుపుకుంట పోయింది."

ఆ మాట పైకి అన్నాక చెయ్యి ముందుకు తీసుకుని హ్యాండిల్ పట్టుకున్నాను. వెనకనుంచి ఆటోవాడు జరగమని హారన్ కొడుతున్నాడు.